గొలుసులు ఎవరు కట్టారు

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు, టంగ్‌మర్గ్ నుంచి గుల్మార్గ్ ఎక్కే దారిలో, ముదస్సిర్ గనాయీ నడుపుతున్న కారు మలుపు తిరగలేదు. తిన్నగా పోయి దేవదారు చెట్టుకు కొట్టుకుంది. దెబ్బ ఎడమవైపు తగిలింది. ఎడమ సీటులో అతని భార్య షాహీనా ఉంది. మోకాలి కింద ఎముక విరిగింది.

కారుకు మంచు గొలుసులు, టైర్లు జారకుండా చుట్టేవి, ఉన్నాయి. అవి వెనక చక్రాలకు ఉన్నాయి. ఆ కారును లాగేవి ముందు చక్రాలు; గొలుసులు ఉండాల్సింది వాటికే.

ఎవరు కట్టారని టాక్సీ స్టాండువాళ్లు అడిగారు. "నేనే," అన్నాడు ముదస్సిర్. కబురు విని వచ్చిన అతని తండ్రి హబీబుల్లా పక్కనే ఉన్నాడు. ఆయన ఏమీ అనలేదు.

ఇవాళ బుధవారం. ఆయన ఇంకా ఏమీ అనలేదు.

*

"ఉప్పు టీ చల్లారిపోతోంది," అంది హబీబుల్లా భార్య ఫాజీ.

హబీబుల్లా కప్పు వైపు చూశాడు. తాగలేదు. చలికి తొడిగిన పొడుగు ఫిరన్ లోపల నిప్పుల కుండ కాంగ్రీ పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బయట మంచు మళ్లీ మొదలైంది.

"ముదస్సిర్ అబ్బా, మిమ్మల్నే."

"వినపడింది."

"వినపడితే తాగండి. లేదా ఉప్పు చాల్లేదనండి. తిట్టండి. ఏదో ఒకటి అనండి. ఈ ఇంట్లో మనిషి గొంతు విని ఎన్నాళ్లయిందో. అందరూ నోట్లో నిప్పుల కుండ పెట్టుకున్నట్టు మూసుకు కూర్చున్నారు."

"ఏమనమంటావు?"

"అది కూడా నేనే చెప్పాలా?"

ఆమె రొట్టె తుంచి ఆయన కప్పు పక్కన పెట్టింది. ఆయన దాన్నీ ముట్టుకోలేదు.

"పదింటికి ఖాలిక్ వస్తున్నాడు," అంది ఫాజీ.

ఖాలిక్ దార్ స్టాండుకు పెద్ద. గొలుసులు కట్టడం రాని డ్రైవరును ఆ చలికాలమంతా కొండదారి గేటు దాటనివ్వకూడదన్నది స్టాండు కట్టుబాటు. ముదస్సిర్ సంగతి ఇవాళ తేలుస్తానని కబురు పంపాడు.

"తెలుసు," అన్నాడు హబీబుల్లా.

"షాహీనా అన్న తౌసీఫ్ కూడా వస్తున్నాడు. చెల్లెల్ని తీసుకుపోతాట్ట. తన కారుని లాగే చక్రాలేవో తెలీనివాడి ఇంట్లో మా పిల్ల ఉండదు అన్నాడు. ఫోన్లో అన్నాడు, నేను విన్నాను."

"తెలుసు."

"మీకన్నీ తెలుసు. చలికాలం పోతే మనవాడికి ఏం మిగుల్తుందో కూడా తెలుసా? వేసవిలో పైకి పోయేవాళ్లు సొంత కార్లలోనే పోతారు. మంచు పడ్డప్పుడే మనవాడిని పిలిచేది."

హబీబుల్లా పుల్లతో కాంగ్రీలో నిప్పులు కదిపాడు.

"స్టాండులో సగంమందికి నేర్పింది నేను," అన్నాడు. "ఖాలిక్‌కి నేర్పింది నేను. కళ్లు మూసుకుని కట్టేవాణ్ణి."

"ఈసారి కూడా మూసుకునే కట్టారు."

ఆయన తల ఎత్తాడు.

"ఆదివారం జారకుండా మెట్ల మీద బూడిద చల్లడానికి బయటికొచ్చాను," అంది ఫాజీ. "మీరు కారు వెనకాల మోకాళ్ల మీద ఉన్నారు."

"గొలుసుల సంచి అక్కడ పెట్టుకున్నా."

"అలాగా."

ఆమె గిన్నె తీసుకుని తోమడం మొదలుపెట్టింది. అది తోమిన గిన్నే.

కొంతసేపటికి ఆయనే అన్నాడు. "వాడు నాకు చెప్పి ఉండాల్సింది."

"చెప్పలేదా? కారు కొన్నరోజున ఇక్కడే, ఈ పొయ్యి దగ్గరే చెప్పాడు. మన పాత సుమోలా కాదు అబ్బాజీ, దీన్ని ముందు చక్రాలు లాగుతాయి అని. మీరేమన్నారు?"

హబీబుల్లా ఫిరన్ సర్దుకున్నాడు.

"గాడిదని చెవులు పట్టుకుని లాగినట్టా, అన్నారు. అందరం నవ్వాం. షాహీనాకి పొలమారింది కూడా."

ఆదివారం ఉదయం నమాజు అయ్యాక హబీబుల్లా వాకిట్లోకి వెళ్లాడు. ఆ కారు కొన్నాక గొలుసులు కావాల్సినంత మంచు పడటం అదే మొదటిసారి. కొడుకు లోపల స్నానానికి నీళ్లు తోడుకుంటున్నాడు. బయటికొచ్చేసరికి పని అయిపోయి ఉండాలనుకున్నాడు. గోనె పరిచాడు. ఎప్పుడూ పరిచే చోటే పరిచాడు. అంతవరకు ఆయనకు గుర్తుంది. మిగతాది చేతులు చేసుకుపోయాయి.

"ఖాలిక్‌తో ఏం చెబుతారు?" అని అడిగింది ఫాజీ.

తలుపు తెరుచుకుంది. ముదస్సిర్ పార గోడకు చేర్చి, భుజాల మీద మంచు దులుపుకున్నాడు. కనుబొమ్మ మీద కుట్లు ఉన్నాయి. ఇంటి కప్పు మీద మంచు లాగి వస్తున్నాడు.

"అబ్బాజీ ఏమీ చెప్పనక్కర్లేదు," అన్నాడు. "చెప్పాల్సింది నేను చెప్పేశాను."

"నువ్వు చెప్పింది అబద్ధం."

"మౌజీ, ఊరుకో," అన్నాడు తల్లితో.

"సరే, నువ్వూ కట్టలేదు, ఆయనా కట్టలేదు. ఆ గొలుసులే సంచిలోంచి దిగి నడిచొచ్చి చుట్టుకున్నాయి. ఖాలిక్‌కి అదే చెబుదాం. వింటాడు, మంచివాడు."

ముదస్సిర్ తండ్రి వైపు చూశాడు. హబీబుల్లా కాంగ్రీ వైపు చూస్తున్నాడు.

"షాహీనాకి టీ ఇచ్చావా?" అని తల్లిని అడిగాడు.

"నువ్వే ఇవ్వు. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆ గదికి నా చేతే పంపుతున్నావు. పెళ్లి చేసుకుంది నువ్వా, నేనా?"

*

షాహీనా కాలు రెండు దిండ్ల మీద ఉంది. మోకాలి నుంచి మడమ దాకా కట్టు. పక్కన బట్టలు సర్దిన గుడ్డసంచి, మూతి కట్టేసి.

"కింద పెట్టు," అంది. "నా చేతికివ్వకు. ఒలుకుతుంది."

ముదస్సిర్ కప్పు నేలమీద పెట్టి, గోడ పక్కన కూర్చున్నాడు. చెక్కగోడ. అవతల వంటిల్లు.

"తౌసీఫ్ భాయ్‌జాన్ మాగమ్ నుంచి బయల్దేరాడట," అంది షాహీనా.

"వెళ్లాలనే ఉందా నీకు?"

"అక్కడ స్నానానికి మా అమ్మ సాయం పడుతుంది. ఇక్కడ మీ అమ్మ పడుతోంది. నీళ్లు రెండుచోట్లా వేడిగానే ఉంటాయి. నువ్వు అడగాల్సింది అది కాదు."

"మరేది?"

ఆమె దుప్పటి సర్దుకుంది.

"గొలుసులు కట్టింది అబ్బాజీ. నేను తల దువ్వుకుంటూ కిటికీలోంచి చూశాను."

"షాహీనా, ఆ సంగతి..."

"చెప్పనీ. ఏ చక్రాలకి కట్టాలో నాకు తెలీదు. చక్రం గుండ్రంగా ఉంటుందని తెలుసు, అంతే. అబ్బాజీ మీద నాకు కోపం లేదు. పెద్దాయన. గుల్మార్గ్‌లో నా డ్యూటీకి ఆలస్యం కాకూడదని చీకటితో లేచి మంచులో మోకాళ్లూనారు. తప్పు జరిగింది. రోజూ చూస్తాను నేను తప్పులు, ఆసుపత్రిలో పనిచేసేదాన్ని."

"మరి కోపం నా మీదేనా? నేనే కట్టానని అన్నందుకా?"

"అందుక్కూడా కాదు. తండ్రి కోసం అబద్ధం ఆడావు. ఆడు."

"మరి?"

"గేటు దగ్గర నువ్వు దిగావు."

ముదస్సిర్ గోడకు ఆనుకున్నాడు.

"దిగి వెనక్కి వెళ్లావు. అద్దంలో చూశాను. వంగావు. లేచావు. వచ్చి కూర్చున్నావు. ఏంటి అని అడిగాను. ఏం లేదన్నావు."

అవతల వంటింట్లో గిన్నె చప్పుడు వినిపించింది. తర్వాత ఆగింది.

"చూశావా, లేదా?" అంది షాహీనా. "ఒక్క మాట చెప్పు. పెద్ద కథ వద్దు, నాకు ఓపిక లేదు."

"చూశాను."

ఆమె కళ్లు మూసుకుంది.

"చప్పుడు వెనక నుంచి వస్తోంది," అన్నాడు ముదస్సిర్. "సుమోకి ఎప్పుడూ వెనక నుంచే వచ్చేది. అలవాటైన చప్పుడు. అందుకే స్టాండు దాకా పట్టించుకోలేదు. గేటు దగ్గర ఆగినప్పుడు తట్టింది."

గేటు అంటే రోడ్డుకు అడ్డంగా కట్టిన తాడు. స్టాండు మనిషి ఒకడు మంట దగ్గర కూర్చుని ఉంటాడు. గొలుసుల చప్పుడు వినపడితే లేచి తాడు దించుతాడు. ఏ చక్రం నుంచి వస్తోందని చెవికి ఏం తెలుస్తుంది.

"తట్టాక విప్పొచ్చుగా?"

"విప్పుదామనే దిగాను. స్టాండంతా అక్కడే ఉంది. వంగగానే ఒకడు అరిచాడు, ఉస్తాద్ కొడుక్కి కూడా గొలుసులు తడిమి చూసుకోవాల్సిన కర్మ పట్టిందా అని. అందరూ నవ్వారు."

"నవ్వితే?"

"నీకు తెలీదు. ఉస్తాద్ కట్టిన గొలుసు శిష్యుడు స్టాండులో విప్పడు. ఒకడు విప్పాడని, చేతులు పట్టుకుని బతిమాలేదాకా వాళ్ల ఉస్తాద్ మాట్లాడలేదు. అక్కడ నేను అవి విప్పి ముందుకు మార్చానంటే, అబ్బాజీ ఇక స్టాండుకి రారు. ఆయనకి స్టాండు తప్ప ఏముంది?"

"అందుకని పైకి పోనిచ్చావు."

"మెల్లగా పోదామనుకున్నా. రెండు మలుపులు దాటాక చదునుచోటుంది, అక్కడ ఆపి మారుద్దామనుకున్నా. చేరేసరికి వెనక బండ్ల వరస. ఆపితే మళ్లీ కదలదు. ఇంకొంచెం పైన ఆపుదామనుకున్నా."

"ఇంకొంచెం పైన చెట్టుంది."

అతను కనుబొమ్మ మీద కుట్లు తడుముకున్నాడు.

"నేను పక్కన ఉన్నానని గుర్తుందా అసలు, ఆ లెక్కలన్నీ వేసుకుంటున్నప్పుడు?"

"ఉంది."

"లేదని చెప్పాల్సింది," అంది షాహీనా. "అదైతే భరించేదాన్ని."

కప్పులో టీ మీద మీగడ కట్టింది. ఆమె కాలు కొంచెం జరుపుకోబోయింది. అతను లేచి దిండు సర్దాడు. ఆమె వద్దనలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు.

"తౌసీఫ్‌కి చెప్పావా ఇది?"

"లేదు."

"చెబుతావా?"

"చెప్పాల్సింది నేనా?"

చెక్కగోడ అవతల పుల్లతో నిప్పులు కదుపుతున్న చప్పుడు ఇంతసేపూ వస్తూనే ఉంది. అది ఆగిపోయింది. ఇద్దరూ గమనించారు.

*

తౌసీఫ్ కారు పదికి ముందే వచ్చింది. కింద రోడ్డు నుంచి ఇంటికి ఎక్కే సందు నిటారుగా ఉంటుంది. అతను ఎక్కేటప్పటికి మంచు పలచగానే ఉంది. ఖాలిక్ వచ్చేసరికి బూటు మడమ మునిగేంత అయింది.

మాగమ్‌లో బట్టల కొట్టు అతనిది. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"లోపలికి రా బాబూ," అంది ఫాజీ. "టీ తాగి కోప్పడు. చలికి కోపం కూడా గడ్డకడుతుంది."

"వద్దు చాచీ. షాహీనాని పంపండి. మంచు పెరుగుతోంది."

"పంపుతాను. కాలు విరిగినదాన్ని బంతిలా విసరమంటావా? బట్టలు మార్చుకోనీ."

ఖాలిక్ దార్ కిందనుంచి నడిచే వచ్చాడు. వాకిట్లో తౌసీఫ్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత సందు వైపు చూశాడు.

"ఇది నీదా?" అని తౌసీఫ్‌ను అడిగాడు. "గొలుసులేవి?"

"డిక్కీలో ఉన్నాయి."

"డిక్కీకి చలేస్తోందా? చక్రాలకి వేసుకో నాయనా. ఇప్పుడు ఈ సందు దిగావంటే తిన్నగా కింద రొట్టెల కొట్టులోకే పోతావు. నీకు వరసలో నిలబడే పని తప్పుతుంది, మాకు రేపట్నుంచి రొట్టె ఉండదు."

"కట్టడం రాదు," అన్నాడు తౌసీఫ్. "కొన్నాను. ఎప్పుడూ అవసరం పడలేదు."

"నేను కడతాను," అన్నాడు ముదస్సిర్. లోపలి నుంచి తెచ్చిన షాహీనా సంచి డిక్కీలో పెట్టి, గొలుసుల సంచి బయటికి తీశాడు.

తౌసీఫ్ అతని చేతిలోంచి ఆ సంచి తీసుకున్నాడు.

"నువ్వు ఒకసారి కట్టావుగా," అన్నాడు. "చాలు."

ఖాలిక్ నేల వైపు చూశాడు. ఫాజీ గుమ్మంలో ఉంది. కొంతసేపు మంచు పడటమే జరిగింది.

హబీబుల్లా లోపలి నుంచి వచ్చాడు. భుజం మీద గోనె ఉంది. బూడిద చల్లిన మెట్లు దిగి, తౌసీఫ్ ముందు నిలబడి చెయ్యి చాచాడు.

"ఇటివ్వు."

"చాచా, మీరెందుకు ఈ మంచులో. కింద ఎవరినైనా పిలుచుకొస్తాను."

"కింద ఎవరిని పిలిచినా నేను నేర్పినవాడే వస్తాడు. ఇవ్వు."

తౌసీఫ్ ఇచ్చాడు.

హబీబుల్లా కారు వెనక్కి నడిచాడు. వెనక చక్రం పక్కన గోనె పరిచాడు. ఒక చెయ్యి కారు మీద ఆన్చి ఒక మోకాలు, తర్వాత రెండోది వాల్చాడు. గొలుసు తీసి, మెలికలు పోయేదాకా దులిపాడు. దాన్ని టైరు మీదికి ఎత్తాడు.

ముదస్సిర్ ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

హబీబుల్లా చెయ్యి కూడా ఆగింది. గొలుసు సగం టైరు మీద, సగం ఆయన చేతిలో ఉంది.

"ఈ బండిని లాగే చక్రాలేవి?" అని అడిగాడు.

ఖాలిక్ తల తిప్పి చూశాడు. గొలుసులు కట్టేటప్పుడు ఉస్తాద్ ఎవరినైనా ఏదైనా అడగడం అతను ఎప్పుడూ వినలేదు.

"ముందువి," అన్నాడు తౌసీఫ్.

"కచ్చితంగానా? చూస్తే నాకు తెలీదు."

"ముందువే చాచా. షోరూమ్‌లో చెప్పారు."

హబీబుల్లా గొలుసు దించాడు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. ఖాలిక్ చెయ్యి అందించాడు. ఆయన పట్టుకున్నాడు. గోనె ఈడ్చుకుంటూ ముందుకు వెళ్లి, ముందు చక్రం పక్కన మళ్లీ పరిచి, మళ్లీ మోకాళ్లూనాడు.

లోపలివైపు కొక్కెం తగిలించాడు. గొలుసు టైరు మీద సర్ది, తౌసీఫ్‌ను స్టీరింగు ముందు కూర్చోమన్నాడు. కొంచెం ముందుకు పోనిమ్మన్నాడు. ఆపమన్నాడు. బయటివైపు కొక్కెం బిగించాడు. వేలు దూర్చి వదులు చూశాడు. అటువైపు వెళ్లి రెండోది కట్టాడు. సాయం అడగలేదు. ఎవరూ దగ్గరికి పోలేదు.

లేచి, గోనె దులిపాడు.

"ఆదివారం నేను అడగలేదు," అన్నాడు. "అడక్కుండా వెనక కట్టాను. వాడు కట్టలేదు. ఖాలిక్, విన్నావా?"

"విన్నాను ఉస్తాద్."

"స్టాండులో చెప్పు."

"చెబుతాను. ఆదివారమే మీరు చెప్పి ఉంటే నాకు ఇంత దూరం ఎక్కే పని తప్పేది."

"అవును," అన్నాడు హబీబుల్లా.

గుమ్మంలో ఫాజీ తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుని లోపలికి తిరిగింది. అంతలో ఖాలిక్ మళ్లీ మాట్లాడాడు. ఆమె ఆగింది.

"ముదస్సిర్, ఇటు చూడు. కట్టింది నువ్వు కాదు. బాగుంది. నీ మీద మాట పోయింది. కానీ ఒకటుంది. గేటు దగ్గర నువ్వు దిగి వెనక చక్రం దగ్గర వంగావు. నేను మంట దగ్గరే ఉన్నాను. వంగినవాడివి ఏం చూశావు?"

ముదస్సిర్ తండ్రి వైపు చూశాడు.

"నన్ను చూడకు," అన్నాడు హబీబుల్లా. గోనె చుట్టుకుంటున్నాడు. "ఆ గోడ చెక్కది. నేను విన్నాను. అడిగింది నిన్ను."

లోపల చంకకర్రల చప్పుడు వినపడింది. ఒక్కో కర్ర నేలకు తగిలి ఆగుతోంది. షాహీనా గుమ్మం దాకా వచ్చింది. ఫాజీ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"వెనక చక్రాలకి ఉండటం చూశాను," అన్నాడు ముదస్సిర్.

"ఆ కారుని లాగేవి ముందువని తెలుసు నీకు."

"తెలుసు."

"తెలిసీ పైకి పోయావు."

"పోయాను."

తౌసీఫ్ కారు తలుపు తెరిచి ఉంచే దిగాడు. "నా చెల్లెలు పక్కన ఉండగా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "కట్టడం తెలీక చేశాడనుకున్నాను ఇంతసేపూ. అది మేలు."

"భాయ్‌జాన్," అంది షాహీనా.

"నీకు తెలుసా ఇది?"

"ఇందాకే తెలిసింది."

తౌసీఫ్ ముదస్సిర్ వైపు రెండడుగులు వేశాడు. ఖాలిక్ ఇద్దరి మధ్యకు వచ్చాడు. అతను ఎవరినీ పట్టుకోలేదు. ఊరికే నిలబడ్డాడు. తౌసీఫ్ ఆగాడు.

"నా పని నన్ను చేసుకోనీ," అన్నాడు ఖాలిక్. "కట్టడం రానివాణ్ణి గేటు దాటనివ్వం. అది ఉంది. తప్పు కట్టారని తెలిసీ దాటినవాణ్ణి ఏం చేయాలన్న కట్టుబాటు మాకు లేదు. ఇంతవరకు ఎవడూ చేయలేదు గనక." ముదస్సిర్ భుజం మీద మంచు దులిపాడు. "సాయంత్రం కూర్చుంటాం. నువ్వు రానక్కర్లేదు. ఏది తేలినా కబురు పంపుతాను. ఉస్తాద్, మీరు రండి."

"నేనెందుకు?"

"గేటు మనిషికి చెవి ఒక్కటే చాలదని తేలిందిగా. ఇక ప్రతి బండినీ చూసి పంపాలి. చూసేవాడు ఒకడు కావాలి."

"నాకు చూస్తే తెలీదన్నాను, వినలేదా?"

"విన్నాను. అందుకే, మీరైతే ప్రతివాణ్ణీ అడుగుతారని."

హబీబుల్లా వస్తాననలేదు. రాననలేదు. ఖాలిక్ సలాం చెప్పి, సందు అంచున గోడ పట్టుకుంటూ దిగిపోయాడు.

ముదస్సిర్ గుమ్మం దగ్గరికి వచ్చాడు. మెట్లు ఎక్కలేదు.

"చెప్పాను," అన్నాడు.

"విన్నాను," అంది షాహీనా. "ఆదివారం నేను అడిగితే ఏం లేదన్నావు. ఇవాళ ఖాలిక్ కాకా అడిగితే చూశానన్నావు."

"నువ్వు అడిగావనే ఇవాళ..."

"నేను గేటు దగ్గర కూడా అడిగాను."

ఫాజీ చేతిలో షాహీనా శాలువా ఉంది. కోడలి భుజాల మీద కప్పింది. ముడి వేయలేదు.

"రా," అన్నాడు తౌసీఫ్, కారు ఎడమవైపు తలుపు తెరిచి. "రోడ్డు మూసేస్తారు."

హబీబుల్లా కారు ముందు చక్రం దగ్గరికి వెళ్లి, వంగి, కొక్కెం మళ్లీ ఒకసారి లాగి చూశాడు. తర్వాత పక్కకు జరిగాడు.

తౌసీఫ్ ఇంజను స్టార్ట్ చేశాడు. అప్పుడు పదకొండు గంటలు. గొలుసులు ముందు చక్రాలకు ఉన్నాయి. సంచి డిక్కీలో ఉంది. ఎడమవైపు తలుపు తెరిచి ఉంది. షాహీనా గడపకు లోపలే, ఎటూ అడుగు వేయకుండా నిలబడి ఉంది.